పాల సంఘాల్లో పొగ లెక్క, పద్దు లెక్క

"కర్బన ఉద్గారాలు తగ్గించాలి" అన్న మాట ఈ మధ్య సభల్లోనూ పత్రికల్లోనూ, ఆఖరికి బ్యాంకు కాగితాల్లోనూ తరచు కనబడుతోంది. ఇది పెద్ద పెద్ద ఫ్యాక్టరీల వ్యవహారం కదా, పూటకు రెండు మూడు వందల లీటర్లు పోయించుకునే పల్లెటూరి పాల సంఘానికి దీనితో ఏం పని అని సభ్యులు అడగడం సహజమే. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికే ఈ వ్యాసం.

మాట కొత్తదే గాని విషయం కొత్తది కాదు. వృథాగా కాలిన డీజిలు, అవసరానికి మించి తిరిగిన కరెంటు మీటరు, విరిగిపోయిన పాలు, ఏడాదికి పైగా వట్టిపోయి ఉన్న గేదె - ఇవన్నీ మన పద్దుల్లో నష్టాలు. గాలిలోకి పోయే వాయువుల లెక్కలో కూడా ఇవే పెద్ద పద్దులు. అందుచేత పొగ తగ్గించడమంటే మన ఖర్చులో కారిపోతున్న చోట్లు వెతికి పూడ్చడమే. అయితే ఏ చోటు పెద్దది, ఏది చిన్నది అన్నది తెలుసుకోకుండా మొదలుపెడితే, బల్బు ఆర్పి సంతోషించి క్యాను పాలు విరగగొట్టుకున్నట్లవుతుంది.

మనకెందుకు ఈ గొడవ?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాడి రైతుకు వాతావరణం సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం వైపు వచ్చింది. స్తంభాలు పడిపోయి, దారులు తెగిపోయిన రోజుల్లో పితికిన పాలు ఏమవుతాయో మన సభ్యులకు తెలుసు.

ఫలానా తుఫాను ఫలానా కారణం వల్లనే వచ్చిందని ఎవరూ వేలు పెట్టి చూపలేరు. కాని సముద్రపు నీరు వేడెక్కిన కొద్దీ తుఫానుకు బలం చేకూరుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఎండల సంగతీ అంతే. గేదెది నల్లని తోలు, చెమట గ్రంథులు తక్కువ. ఎండ ముదిరితే మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది, ఎదకు వచ్చినా ఆ లక్షణాలు పైకి కనబడనివ్వదు. ఒకటి రెండు గేదెలతో సంసారం నడుపుకునే సభ్యునికి ఈ నష్టం మొదట తగులుతుంది. ఫ్యాక్టరీ వదిలిన పొగకైనా, మనం వదిలిన పొగకైనా మూల్యం చెల్లించేవాళ్లలో మనం ముందు వరుసలో ఉన్నాం.

ఇంకొక సంగతి. 2023 డిసెంబరులో దుబాయిలో జరిగిన ప్రపంచ వాతావరణ సభలో నెస్లే, డానోన్ వంటి పెద్ద పాల వ్యాపార సంస్థలు కొన్ని కలిసి, తాము కొనే పాల వెనుక ఎంత మీథేన్ ఉందో లెక్కకట్టి ప్రకటిస్తామని ముందుకు వచ్చాయి. పెద్ద కొనుగోలుదారులు ఇలా లెక్క అడగడం మొదలుపెట్టాక, ఆ లెక్క నేడో రేపో మన పాలకేంద్రం గుమ్మం దాకా రాక తప్పదు. అప్పుడు పుస్తకం తెరిచి చూపగలిగిన సంఘానికి గౌరవం ఉంటుంది.

లెక్క ఎలా కట్టాలి?

భూమి వేడిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచే వాయువులు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. బొగ్గు, డీజిలు, వంట గ్యాసు ఏది కాల్చినా ఇదే వస్తుంది. రెండోది మీథేన్. పశువు నెమరు వేసేటప్పుడు దాని నోటి నుండి, గాలి తగలకుండా కుళ్ళిన పేడ నుండి వచ్చేది ఇది. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. మూడోది శీతల యంత్రాల్లో నింపే గ్యాసు.

సంఘం కార్యదర్శి గోడకు అంటించుకోదగిన లెక్క ఇది:

1. కరెంటు ఒక యూనిట్ - సుమారు 0.7 కిలో బొగ్గుపులుసు వాయువు. మన దేశపు కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుండే వస్తోంది. మనకు దగ్గరలో పరవాడ వద్ద ఉన్న సింహాద్రి విద్యుత్ కేంద్రం కూడా బొగ్గుతో నడిచేదే.

2. డీజిలు ఒక లీటరు - సుమారు 2.7 కిలోలు. లీటరు డీజిలు కిలో కూడా తూగదు కదా, ఇంత వాయువు ఎలా వస్తుందని అనుమానం రావచ్చు. డీజిలులోని కర్బనం మండేటప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తుంది. ఆ బరువు కూడా చేరుతుంది కనుక.

3. వంట గ్యాసు ఒక కిలో - సుమారు 3 కిలోలు. అంటే 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోతే 42 కిలోలు.

4. బల్క్ కూలర్లో వాడే ఆర్-22 గ్యాసు ఒక కిలో గాలిలోకి కారిపోతే - సుమారు 1,800 కిలోలతో సమానం. ఆర్-404ఎ అయితే అంతకు రెట్టింపు దాటుతుంది.

5. ఒక గేదె - ఏడాదికి సుమారు 55 కిలోల మీథేన్. బొగ్గుపులుసు వాయువు లెక్కలోకి మారిస్తే 1,500 కిలోలకు పైగా.

అసలు పొగ ఎక్కడుంది?

ఉదాహరణకు రోజుకు 1,000 లీటర్లు సేకరించే ఒక కూలర్ కేంద్రాన్ని తీసుకుందాం. పాలు పితికినప్పుడు 35 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించాలంటే, వాటిలో నుండి సుమారు 35 యూనిట్లకు సమానమైన వేడిని బయటికి లాగాలి. మంచి స్థితిలో ఉన్న కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటు తిని రెండున్నర యూనిట్ల వేడిని లాగుతుంది. కాబట్టి రోజుకు 14 యూనిట్ల కరెంటు సరిపోవాలి. పొగ లెక్కలో అది సుమారు 10 కిలోలు.

ఇప్పుడు పాల వైపు చూద్దాం. ఏడాదికి 1,200 లీటర్లు ఇచ్చే గేదె పాలలో, ఒక్కొక్క లీటరు వెనుక మీథేన్ రూపంలో సుమారు 1.3 కిలోల భారం ఉంది. 600 లీటర్లే ఇచ్చే గేదె అయితే అది లీటరుకు 2.6 కిలోలు. ఎందుకంటే పాలు సగమైనంత మాత్రాన గేదె నెమరు వేయడం మానదు.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 40 లీటర్ల క్యాను ఒకటి విరిగితే కనీసం 52 కిలోల భారం వృథాగా పోయినట్లు. అది కూలరు అయిదు రోజులు తిన్న కరెంటుతో సమానం. ఒక కిలో ఆర్-22 కారిపోతే కూలరు ఆరు నెలలు నడిచినంత. ఇక 1,000 లీటర్ల పాల వెనుక ఉన్న గేదెల లెక్క, కూలరు కరెంటు లెక్కకు వంద రెట్లు దాటుతుంది.

కాబట్టి సభ్యులు గుర్తుంచుకోవలసిన వరుస ఇది: మొదట పాలు పాడుకాకూడదు. తరువాత గేదె పాల దిగుబడి, ఈతకూ ఈతకూ మధ్య వ్యవధి. ఆ తరువాత గ్యాసు కారుడు, డీజిలు, కరెంటు. కరెంటు మిగుల్చుదామని కూలరును ఆలస్యంగా వేసేవారు ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు.

పాలకేంద్రంలో చేయవలసినవి

ముందు డబ్బు ఖర్చు లేని పనులు చెప్పుకుందాం.

కూలరు వెనుక రెక్కరెక్కలుగా ఉండే భాగాన్ని కండెన్సర్ అంటారు. పాల నుండి లాగిన వేడి అక్కడి నుండే బయటికి పోవాలి. దాని మీద దుమ్ము, ఊక, సాలీడు గూళ్లు పేరుకుంటే వేడి పోదు. కండెన్సర్ వేడి ఒక్క డిగ్రీ పెరిగితే కరెంటు ఖర్చు 2 నుండి 3 శాతం పెరుగుతుంది. నూర్పిళ్ల కాలంలో వారానికి ఒకసారైనా మెత్తని కుంచెతో దులపాలి. కండెన్సరుకు గోడ ఆనించి పెట్టడం, దాని ముందు క్యాన్లు పేర్చడం, పడమటి ఎండ తగిలే చోట ఉంచడం - ఈ మూడూ పనికిరావు. చిన్న తాటాకు పందిరి వేసినా మేలే, గాలి మాత్రం ఆడాలి.

మెకానిక్ వచ్చి "గ్యాసు తగ్గింది, నింపుతాను" అంటే అంతటితో ఊరుకోవద్దు. బిగువుగా ఉన్న యంత్రంలో గ్యాసు తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే. సబ్బు నురుగు రాసి ఆ చోటు పట్టించి, అతుకు వేయించిన తరువాతనే గ్యాసు నింపించాలి. లేకపోతే ప్రతి వేసవికీ అదే ఖర్చు.

పాలు పోయడం ఒక సమయానికి జరగాలి. గంటన్నర పాటు ఒక్కొక్కరుగా వచ్చి పోస్తుంటే, మొదట పోసినవి ఎండకు, చివర పోసినవి ఆలస్యానికి గురవుతాయి. కూలరు మూత మాటిమాటికీ తెరిస్తే లోపలి చల్లదనం పోతుంది. 4 డిగ్రీలకు వచ్చాక ఇంకా కిందికి దించనక్కర లేదు. పాలు గడ్డకట్టితే నాణ్యత చెడుతుంది, కరెంటూ దండగ.

ఇక కొద్ది ఖర్చుతో అయ్యే పని ఒకటి ఉంది. మన బావుల నీరు సుమారు 28 డిగ్రీలు ఉంటుంది. కూలరులోకి పోయే ముందు పాలను ఒక గొట్టపు చల్లార్పిడి పరికరం ద్వారా పంపి, పక్క గొట్టంలో బావినీరు పారిస్తే, పాలూ నీరూ కలవకుండానే 35 డిగ్రీల పాలు 30కి దిగుతాయి. తగ్గించవలసిన 31 డిగ్రీల్లో 5 డిగ్రీలు ఉచితంగా తగ్గినట్లే. అంటే కరెంటులో ఆరో వంతు మిగులు. బయటికి వచ్చిన నీరు పశువుల తొట్టెకు పనికివస్తుంది. పరికరాన్ని మాత్రం ప్రతి పూటా కడగాలి. కడగలేని సంఘం దీని జోలికి పోకపోవడమే మంచిది.

డీజిలు జనరేటరు విషయం. చిన్న జనరేటరు లీటరుకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. డీజిలు లీటరు 100 రూపాయలు అనుకుంటే యూనిట్ ఖరీదు 33 రూపాయలు పడుతుంది. ఇది లైను కరెంటుకు ఎన్నో రెట్లు. పొగలో మాత్రం రెంటికీ అంత తేడా లేదు - డీజిలు యూనిట్‌కు 0.9 కిలో, లైను కరెంటుకు 0.7. కనుక జనరేటరును పొగ కోసం కాకపోయినా పద్దు కోసం తగ్గించాలి. అయితే తుఫాను రోజుల్లో పాలను కాపాడేది అదే. దాన్ని అమ్మివేయడం తెలివి కాదు. నెలకు ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని లీటర్లు తాగింది అని రాసిపెట్టుకుంటే, కరెంటు కోతల వేళలు తెలిసి పాలు పోసే వేళను కొంత సర్దుకోవచ్చు.

కూలరు లేని సంఘాలకు రవాణాయే పెద్ద పద్దు. లీటరుకు 10 కిలోమీటర్లు నడిచే వ్యాను 60 కిలోమీటర్ల రూటు తిరిగితే 6 లీటర్ల డీజిలు, 16 కిలోల పొగ. అది 600 లీటర్లు తెచ్చినా అంతే, 300 లీటర్లు తెచ్చినా అంతే. పక్కపక్క ఊళ్ల సంఘాలు రెండు కలిసి ఒకే రూటులో పడేలా కోరితే లీటరు మీద రవాణా సగమవుతుంది. కాని రూటు పొడుగై పాలు అరగంట ఎక్కువసేపు ఎండలో ఉండే పక్షంలో అటువంటి కలయిక వద్దు. పైన చెప్పిన వరుసను మరువకూడదు.

సాలలో చేయవలసినవి

గేదె వదిలే మీథేన్ అంటే గేదె తప్పు కాదు. మనిషి తినలేని వరిగడ్డిని పాలుగా మార్చే శక్తి దానికున్నది. అయితే మేతలో ఉన్న శక్తిలో ఇంచుమించు 6 శాతం ఇలా గాలిలో కలిసిపోతుంది. మేత సరిగా కుదిరితే అందులో కొంత పాలవైపు మళ్లుతుంది. సమతుల్య దాణాపై జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చేయించిన పనిలో, కిలో పాలకు మీథేన్ సుమారు 12 నుండి 15 శాతం తగ్గినట్లు తేలింది. దాణా ఖర్చు కూడా తగ్గింది.

మన ప్రాంతంలో ఎండుగడ్డి, తవుడు మీదనే ఎక్కువ పశువులు బతుకుతున్నాయి. మాగాణి కోతలయ్యాక పదునులో పిల్లిపెసర, జనుము చల్లుకుంటే వేసవి ముందు వరకు పచ్చిమేత దొరుకుతుంది. గట్ల మీద అవిసె నాటితే గడ్డికి తోడుగా మాంసకృత్తులు అందుతాయి. గడ్డిని ముక్కలు చేసి వేస్తే కాళ్ల కింద పోయేది తగ్గుతుంది. యంత్రంతో కోయించిన పొలాల్లో గడ్డిని తగులబెట్టకుండా కట్టలు కట్టించుకోవాలి. తగులబెట్టిన గడ్డి పొగ అవుతుంది, వేసవిలో కొనే గడ్డి అప్పు అవుతుంది.

యూరియాతో గడ్డిని మాగవేయడం మన పెద్దవాళ్లలో కొందరికి తెలిసిన పద్ధతే. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీటిని పశువు తాగితే ప్రాణాపాయం కనుక ఆ బాల్చీలు అందుబాటులో ఉంచవద్దు. పశువైద్యుని సలహా తీసుకుని మొదలుపెట్టడం క్షేమం.

వట్టిపోయిన గేదె పాలు ఇవ్వకపోయినా మేత తింటుంది, మీథేన్ వదులుతుంది. ఈనిన తరువాత సకాలంలో ఎద గుర్తించి చూలు కట్టించడం, లవణ మిశ్రమం ఇవ్వడం, వేసవిలో నీడ, నీళ్లు కల్పించడం - ఇవి పాత మాటలే. కాని ఈ కొత్త లెక్కలో కూడా వీటికి మించినవి లేవు.

పేడ విలువ

గొయ్యిలో నీళ్లు నిలిచి, గాలి ఆడక కుళ్లే గత్తం నుండి మీథేన్ లేస్తుంది. గత్తం కుప్పను మెరక మీద, నీడలో వేసి, అప్పుడప్పుడు తిరగేస్తే అది తగ్గుతుంది, ఎరువు సారమూ నిలుస్తుంది. అంతకంటె మేలైనది గోబర్ గ్యాసు. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. 2 ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి. అది సరిగా పనిచేస్తే నెలకు రెండు సిలిండర్లకు కొంచెం తక్కువ గ్యాసు ఇస్తుంది. చలికాలంలో ఇంకొంత తగ్గుతుంది. ఒకే గేదె ఉన్న ఇంటికి విడిగా ఇది కుదరదు. ఇద్దరు ముగ్గురు కలిసి కట్టుకోవాలి, లేదా పేడను పక్క ప్లాంటుకు అమ్ముకోవాలి. గుజరాత్‌లో ఆనంద్ జిల్లా జకరియాపుర గ్రామంలో పాడి మహిళలు గ్యాసు ఇంట్లో వాడుకుని, మిగిలిన ముద్దను తూకానికి అమ్ముకుంటున్నారు. మన దగ్గర 2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యాన సాగుతున్న ప్రకృతి వ్యవసాయానికి కూడా పేడ, మూత్రాలే మూలధనం. కొనేవారు ఊళ్లోనే ఉన్నారన్న మాట.

ఒక హెచ్చరిక. డోము పగిలి గ్యాసు కారుతున్న ప్లాంటు, ప్లాంటు లేకపోవడం కంటె చెడ్డది. మండించని మీథేన్ నేరుగా గాలిలోకి పోతుంది. అటువంటి వాటిని బాగుచేయించాలి, లేదా పేడ వేయడం పూర్తిగా మానాలి.

చిన్నవాళ్లు కలిస్తే ఏమి సాధించవచ్చునో తెలుసుకోవాలంటే బాగేపల్లి చూడాలి. కర్ణాటక సరిహద్దులో, తెలుగు మాట్లాడే జనం ఎక్కువగా ఉన్న ప్రాంతం అది. అక్కడి కూలీ సంఘం 5,500 ఇళ్లకు 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాసు ప్లాంట్ల పథకాన్ని ఐక్యరాజ్య సమితి స్వచ్ఛాభివృద్ధి విధానం కింద 2005లో నమోదు చేయించింది. కట్టెలు, కిరోసిన్ మాని గ్యాసు వాడినందువల్ల తగ్గిన పొగను టన్నుల్లో లెక్కగట్టి, ఆ లెక్కనే విదేశాల వారికి అమ్మింది. దీనినే కార్బన్ క్రెడిట్ అంటున్నారు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను. ఒక్కో కుటుంబం తగ్గించేది ఏడాదికి కొద్ది టన్నులే కనుక ఒంటరిగా వెళితే ఎవరూ కొనరు. అరలీటరు పాలు పట్టుకుని ఒక్కరే పట్నం వెళ్తే ఏమవుతుందో ఇదీ అంతే. క్యానులో కలిసినప్పుడే దానికి బేరం.

పక్క దుకాణానికి మనం చేయగల సాయం

పాల సంఘం ఊళ్లో ఒంటరిగా లేదు. టీ దుకాణం, మిఠాయి కొట్టు, పెరుగు అమ్మే ఇల్లు, కోవా బట్టీ మన పాలతోనే నడుస్తాయి. మందస కోవా పేరు తెలియనివారు మన జిల్లాల్లో లేరు. ఈ చిన్న వ్యాపారాల ఖర్చులో పాల తరువాత పెద్దది పొయ్యి.

కోవా లెక్క చూద్దాం. అయిదు లీటర్ల గేదె పాలకు సుమారు కిలో కోవా వస్తుంది. నాలుగు కిలోల నీటిని ఆవిరి చేయాలన్న మాట. దానికి కావలసిన వేడి అసలు ముప్పాతిక కిలో కంటె తక్కువ ఎండు కట్టెల్లోనే ఉంది. కాని మామూలు మూడు రాళ్ల పొయ్యి పదోవంతు వేడినే పాత్రకు అందించి, మిగిలినదంతా గాలికి వదులుతుంది. అందువల్ల కిలో కోవాకు ఆరున్నర కిలోల కట్టెలు కాలతాయి. నాలుగో వంతు వేడిని అందించగల మెరుగైన పొయ్యి అయితే రెండున్నర కిలోల పైచిలుకుతో సరిపోతుంది. రోజుకు 20 లీటర్లు మరిగించే ఇంటికి రోజూ 15 కిలోల కట్టెలు మిగిలినట్లు. పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ల కళ్లకు, ఊపిరికి కలిగే ఉపశమనం వేరే లెక్క.

1983లో మొదలై 2002 వరకు సాగిన జాతీయ మెరుగైన పొయ్యిల పథకం కింద దేశమంతటా పొగలేని పొయ్యిలు కట్టారు. చాలాచోట్ల అవి నిలవకపోవడానికి ఒక కారణం, పగిలిన పొయ్యిని, మసి పట్టిన గొట్టాన్ని చూసే మనిషి తరువాత లేకపోవడం. కాబట్టి పొయ్యి ఇప్పించడం సాయం కాదు. ఆరు నెలలకు ఒకసారి దాన్ని చూసే ఏర్పాటు చేయడం సాయం. ఇది సంఘం చేయగలదు. పాల బిల్లులో వాయిదాలుగా పట్టుకునేటట్లు పొయ్యి అప్పు ఇవ్వవచ్చు. గ్యాసు మిగిలే ప్లాంటును, గ్యాసు కావలసిన టీ దుకాణాన్ని కలపవచ్చు. పోటీగా ఉన్న రెండు కొట్లు ఒకదాని లెక్క ఇంకొకదానికి చెప్పవు గాని, సంఘానికి చెబుతాయి.

సౌరశక్తి, అప్పులు, కాగితాలు

పైకప్పు మీద ఒక కిలోవాట్ సౌర పలకలకు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయి. కనుక 1,000 లీటర్ల కూలరుకు 5 కిలోవాట్లు సరిపోతాయని లెక్క. ఇందులో ఒక చిక్కు ఉంది. సాయంత్రం పాలు వచ్చేసరికి సూర్యుడు దిగిపోతాడు. పగటి కరెంటును లైనుకు ఇచ్చి సాయంత్రం తిరిగి వాడుకునే నెట్ మీటరు ఏర్పాటైనా ఉండాలి, లేదా పగలే మంచు తయారుచేసి నిలవ ఉంచే కూలరైనా ఉండాలి. రెండోది కరెంటు పోయినప్పుడు కూడా పాలను చల్లబరుస్తుంది కనుక జనరేటరు పని తగ్గుతుంది. నెట్ మీటరుతో ఉన్న మామూలు పలకలు లైను కరెంటు లేనప్పుడు పనిచేయవన్న సంగతి అమ్మకందారు చెప్పకపోవచ్చు, మనమే అడగాలి. మన తీరం గాలులకు తట్టుకునేలా చట్రాన్ని శ్లాబులోకి బిగించాలి. భీమా చేయించాలి.

2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకపు రాయితీ ఇళ్లకు ఉద్దేశించినది. సంఘ భవనానికి వస్తుందని నమ్మి అప్పు చేయవద్దు. చిన్న పరిశ్రమల ఇంధన పొదుపు యంత్రాలకు వడ్డీ రాయితీ ఇచ్చే పథకాన్ని ఇంధన సామర్థ్య బ్యూరో 2025లో మొదలుపెట్టింది. అందులో మన సంఘానికో, పక్క మిల్లుకో అర్హత ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతనే కొటేషన్లు పిలవాలి.

కార్బన్ క్రెడిట్లు ఇప్పిస్తామని వచ్చే మధ్యవర్తుల విషయంలో మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని సంవత్సరాలకు సంతకం? అమ్మిన డబ్బులో సభ్యునికి ఎంత వంతు, ఎప్పుడు? మధ్యలో ప్లాంటు పాడైతే బాధ్యత ఎవరిది? ఈ మూడింటికి కాగితం మీద జవాబు లేనిదే, సర్వసభ్య సమావేశం తీర్మానం లేనిదే, అధ్యక్షుడు గాని కార్యదర్శి గాని సంతకం చేయరాదు.

వచ్చే సమావేశానికి

ప్రతి సంఘం ఒక 200 పేజీల పుస్తకాన్ని దీనికి కేటాయించాలని కోరుతున్నాము. నెలకు ఒక పేజీ చాలు. అందులో ఏడు గడులు: సేకరించిన పాలు, విరిగి తిరిగి వచ్చిన పాలు, కరెంటు యూనిట్లు, డీజిలు లీటర్లు, వ్యాను తిరిగిన కిలోమీటర్లు, కూలరులో నింపించిన గ్యాసు, సంఘంలో ఈని పాలిస్తున్న గేదెలెన్ని వట్టివెన్ని. మొదటి మూడు నెలలు ఏమీ మార్చకుండా రాయండి. 1,000 లీటర్లకు 14 యూనిట్లు కావలసిన చోట 22 అవుతున్నాయని తేలితే, రోజుకు 8, నెలకు 240 యూనిట్లు కండెన్సరు దుమ్ములోనో గ్యాసు కారుడులోనో పోతున్నాయన్న మాట. అది ఏడాదికి రెండు టన్నుల పొగ. ఆ డబ్బు బోనసులో కలవవలసింది.

నాలుగో నెలలో పాలకవర్గం కూర్చుని ఆ పేజీలను సభ్యుల ముందు చదివించాలి. మొదట విరిగిన పాల గడి చూడాలి, చివర కరెంటు గడి చూడాలి. ఏ ఒక్క పని ముందు చేపట్టాలో ఆ రోజే తీర్మానించి, ఎవరు చేయాలో పేరు రాయాలి. ఆ పేజీ నకలు ఒకటి మాకు పంపితే, మిగతా సంఘాల లెక్కలతో పోల్చి, ఎవరి దగ్గర ఏ పని కలిసివచ్చిందో ఈ పత్రికలో అందరికీ తెలియజేస్తాము.